క్రిల్ ట్రయల్: తప్పు సువర్ణది కాదు

2022లో నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత మిల్లులో ఫార్ములేషన్ మేనేజర్‌ని. బస్తాలో ఏ దినుసు ఎంత కలపాలో నిర్ణయించడం నా పని. సోయా, చేపపిండి, గోధుమపిండి అందరూ వాడేవే. మా మేత పేరు నిలబెట్టింది మాత్రం క్రిల్ మీల్. క్రిల్ అంటే దక్షిణ ధ్రువ సముద్రంలో గుంపులుగా తిరిగే చిటికెనవేలంత ఎర్రటి, రొయ్యలాంటి ప్రాణి. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే వచ్చేదే క్రిల్ మీల్. ఆ వాసనకి మన చెరువు రొయ్య పరుగెత్తుకొస్తుంది.

మా వైపు రైతు మేతని ఎలా తూస్తాడో చెప్పాలి. వేసిన మేతలో కొంచెం చెక్ ట్రేలో, అంటే చెరువులోకి దించే వల పళ్లెంలో పెడతాడు. రెండు గంటల తర్వాత పైకి లాగుతాడు. పళ్లెం ఖాళీ అయితే మేత మంచిది, మిగిలితే చెడ్డది. అంతే తీర్పు. ఆ తీర్పు గెలవడానికి నేను ఏటా మేతలో క్రిల్ పాలు పెంచుకుంటూ పోయాను. రైతులతో మాత్రం, "క్రిల్ లేకపోతే రొయ్య ఎదగదండి" అని చెప్పేవాణ్ణి.

అంత క్రిల్ నిజంగా అవసరమా అని ఆ ఏడాది యాజమాన్యం ట్రయల్ చేయమంది. సముద్రం మీద వేటాడే ఉప్పాడ నుంచి వచ్చి ఇక్కడ చెరువులు కౌలుకి చేస్తున్న వీర్రాజు దగ్గర నాలుగు చెరువులు తీసుకున్నాం. రెండింటికి ఎక్కువ క్రిల్ ఉన్న మేత, రెండింటికి నామమాత్రం. వారం వారం వల విసిరి రొయ్యల బరువు చూసే శాంప్లింగ్ పని మా ల్యాబ్‌లోని సువర్ణది. రాజమండ్రిలో లూథరన్ బడి టీచరు గారి అమ్మాయి. తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకునే మనిషి.

పట్టుబడి అయ్యాక, అంటే చెరువుల్లో రొయ్యలన్నీ పట్టేశాక, ఆమె రిపోర్టు తెచ్చింది. ఎక్కువ క్రిల్ వేసిన చెరువుల్లో ట్రేలు త్వరగా ఖాళీ అయ్యాయి. రొయ్య బరువు మాత్రం నాలుగు చెరువుల్లోనూ ఒకటే.

"ఇంత క్రిల్ అక్కర్లేదండి, సార్" అంది.

నా పేరు మీద నడుస్తున్న ఫార్ములా అది. వారం తర్వాత డీలర్లు, రైతులు కూర్చున్న మీటింగ్‌లో ఎవరో ట్రయల్ సంగతి అడిగారు. మైకు పట్టుకుని, "ట్రయల్ చెడిపోయిందండి. ల్యాబ్ అమ్మాయి బస్తాలు మార్చేసింది" అన్నాను.

మూడో వరసలోంచి సువర్ణ లేచింది. "బస్తాల మీద నంబర్లు నేనే వేశాను సార్. మారలేదండి."

"కూర్చోమ్మా" అన్నాను. జనం నవ్వారు. ఆ నెలాఖరుకి ఆమె ఉద్యోగం పోయింది.

రెండేళ్లు ఆ సంగతి నన్ను ఏమీ చేయలేదు. తర్వాత ఒక విదేశీ కొనుగోలుదారు మా క్రిల్ సముద్రంలో ఏ భాగం నుంచి వస్తోందో రాతపూర్వకంగా అడిగాడు. సరఫరాదారుకి రాస్తే ఒక మ్యాపు, ఒక చిన్న వీడియో పంపాడు. ఆఫీసులో అది పెట్టేసరికి వేరే పని మీద వచ్చిన వీర్రాజు పక్కనే ఉన్నాడు.

నీళ్ల లోపల నుంచి తీసిన వీడియో. పైన మంచు కప్పు, దాని అడుగున ఆకుపచ్చని పాచి. ఆ పాచిని గీక్కుని తింటూ సూదిమొనల్లాంటి ప్రాణులు లెక్కలేనన్ని.

"ఏంటండీ అయ్యి? పిల్లలా?" అన్నాడు వీర్రాజు.

"క్రిల్ పిల్లలంట. చలికాలమంతా ఆ మంచు కిందే బతుకుతాయంట."

"అయితే అది మడ అడవేనండీ. కోరంగిలో రొయ్యపిల్ల మడ వేళ్లలో దాక్కోదూ, అలాగన్నమాట."

తర్వాతి దృశ్యంలో మంచు లేదు. ఖాళీ నీళ్లు. ఏటికేడు మంచు తగ్గిపోతోందనీ, పెంగ్విన్లు, తిమింగలాలు మేత కోసం వచ్చే చోట్లకే క్రిల్ ఓడలూ చేరుతున్నాయనీ కింద రాసి ఉంది.

వీర్రాజు కుర్చీలోంచి ముందుకి వంగాడు. "మడ పోయాక కూడా వల వేస్తున్నారా? మాకు వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా పడవ దించం. అక్కడ ఆపేవాళ్లే లేరా?"

"కొన్ని చోట్లు పూర్తిగా మూసేయాలని దేశాలు మాట్లాడుకుంటున్నాయంట. ఇంకా కుదరలేదు."

"వాళ్లకి కుదరలేదు సరే. మనకి అది అక్కర్లేదని సువర్ణమ్మ తేల్చింది కదండీ?"

"ఆ ట్రయల్‌లో బస్తాలు..."

"బస్తాలు మోసింది నేనండి. మారలేదు. ఆ రోజే చెబ్దునుగానీ మైకు మీ చేతిలో ఉంది. అప్పటికి మీ మేత అప్పుమీద తెచ్చుకుంటున్నాను. నాదీ తప్పే."

నేనాడింది అబద్ధమని నాకు ముందే తెలుసు, అది కొత్త కాదు. ఎదురుగా తెర మీద ఆ సూదిమొనలు కదులుతుంటే, అది ఎంత దూరం వెళ్లిందో మొదటిసారి కనిపించింది. ఏ రొయ్యకీ బరువు పెంచని దాన్ని, పళ్లెం ఖాళీ చేయించడానికి, ప్రపంచం కొస నుంచి తోడించి తెప్పించాను. వద్దని చెప్పిన ఒక్క మనిషినీ దోషిని చేశాను.

సువర్ణ పాలకొల్లులో ట్యూషన్లు చెబుతోందని తెలిసి వెళ్లాను. ఏ ల్యాబ్‌కి వెళ్లినా, "బస్తాలు మార్చిన అమ్మాయివి నువ్వేనా?" అని అడిగారట. నవ్వుతూనే చెప్పింది.

"నీ తప్పేం లేదని చెప్పడానికి వచ్చానమ్మా."

"అది నాకు తెలుసు కదండీ" అంది. "తెలియనిది వాళ్లకి."

తర్వాతి డీలర్ల మీటింగ్‌లో అదే మైకు తీసుకుని ఆమె రిపోర్టు మొత్తం చదివాను. అబద్ధం నాదని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన, "అయితే ఇన్నేళ్లూ మా కళ్లకి గంతలు కట్టి పళ్లెం చూపించావా బాబూ?" అన్నారు. అవునన్నాను. ఫార్ములాలో క్రిల్‌ని, ట్రయల్లో చాలని తేలినంతకి దించాం. నా కుర్చీ కూడా దిగింది, ఇప్పుడు నేను గోడౌన్ చూసుకుంటున్నాను. పక్క మిల్లులు ఇంకా పళ్లెం కోసమే కలుపుతున్నాయి. మేం మానేసినంత మాత్రాన అక్కడ ఒక్క పెంగ్విన్ కడుపైనా నిండిందో లేదో నాకు తెలియదు.

సువర్ణ గురించి నా నుంచి ఒక ఉత్తరం కావాలన్నారు, ఆమెని తీసుకోబోయే కాకినాడ ల్యాబ్ వాళ్లు. జరిగిందంతా రాసి, సంతకం పెట్టి తీసుకెళ్లాను. ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. పెన్ను తీసి ఒక చోట గీత కొట్టింది.

"క్రిల్ తక్కువ వేసింది రెండు, నాలుగు నంబరు చెరువులకండి. మీరు రెండు, మూడు అని రాశారు."

ఈ మనిషి లెక్క తప్పని నిండు సభలో చెప్పాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే: మనకి నచ్చని అంకె వచ్చినప్పుడు ముందుగా అనుమానించాల్సింది మనల్ని. ఉత్తరం తిరిగి రాసి, మళ్లీ సంతకం పెట్టాను.