కొత్త కోచ్‌కు మా ఆయన అప్పగింత

పదిహేడేళ్ల మా అమ్మాయి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఆ సెప్టెంబరులో కొత్త హెడ్ కోచ్ వచ్చింది. వయసులో చిన్నదే గానీ వచ్చీరాగానే జట్టునంతా తలకిందులు చేసింది. గోల్స్ కొట్టే మా పిల్లను వెనక్కి, డిఫెన్స్‌లోకి నెట్టింది. క్రిస్మస్ దాకా ఓడుతూనే ఉన్నారు. బుధవారం వస్తే చాలు, ఇంగ్లండ్‌లో మేముండే స్లౌ నుంచి ఏదో ఒక బురద మైదానానికి పరుగు. మా ఆయన ఆఫీసుకు ఇంటి నుంచి పని అని చెప్పి, ఫోన్ చెవికి ఆనించుకుని, మైదానం అంచు గీత పక్కన నిలబడి అరిచేవాడు. వానకు, ఓటమికి, ఆ అరుపులకు నా ప్రాణం విసిగిపోయింది.

జనవరి తర్వాత ఎందుకో కుదిరింది. మా పిల్లను దాటి బంతి పోవడం తగ్గింది. కాలేజీలో తన చివరి మ్యాచ్‌కు కెప్టెన్‌గా ఉండమని మా పిల్లను కోచ్ అడిగిందట. మా ఆయనకు అన్నం తింటూ కూడా అదే మాట.

అంతటితో ఊరుకుంటే ఆయన మా ఆయన ఎందుకవుతాడు? కార్ పార్కులో కోచ్‌ను ఆపి, ఇకమీదట ఇది నీ బిడ్డే, మాట వినకపోతే రెండు తగిలించు, మేమేమీ అడగం అని ఇంగ్లిష్‌లో చక్కగా అప్పగించాడు. ఆమె ముఖం పాలిపోయింది. మర్నాడే కాలేజీ నుంచి ఫోన్. ఇంట్లో పిల్లలకు హాని జరుగుతోందేమో చూసే అధికారి మా అమ్మాయితో విడిగా మాట్లాడాలట. అది తేలేదాకా కెప్టెన్ సంగతి పక్కన పెట్టారు.

"నేనేమన్న? నీ బిడ్డే అనుకొమ్మన్న గద."

"దాని తర్వాత ఏమన్నరో అది చెప్పుండ్రి."

"మా నాయన మా సార్లకు గట్లనే చెప్పిండు."

"మీ సార్లు స్లౌల లేరు."

సాయంత్రం అమ్మాయి వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే, ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో తండ్రిని నిలదీసింది. నాన్న కొడతాడా అని అడిగారు, లేదన్నాను. భయమా అని అడిగారు, లేదన్నాను. మరి అలా ఎందుకన్నాడు అన్నారు, అది నువ్వే చెప్పు అంది.

ఆయన చేతిలో ఫోన్ పక్కన పెట్టాడు.

"మా నాయన నా బడికి ఒక్కసారే వచ్చిండు బిడ్డా. గా మాట చెప్పి పోయిండు. ఆ దినమంతా నాకు మస్తు సంబరమైంది. నిన్ను అప్పజెప్పుడంటే గిదే అనుకున్న."

నాకు ఆయన మీద కోపం పోలేదు గానీ తిట్టబుద్ధి కాలేదు. అమ్మాయి మేడ మీది గదికి వెళ్లిపోయింది. కోచ్‌కు ఆ సంగతంతా తనే చెప్పిందని తర్వాత తెలిసింది.

తప్పేమీ లేదని తేలి విచారణ ముగిసింది. చివరి మ్యాచ్‌కు కెప్టెన్ పట్టీ కట్టుకుంది మా పిల్లే. ఈయన మాత్రం సిగ్గుతో కారు దిగనన్నాడు. నేను బతిమాలి, తిట్టి, విసిగి వదిలేశాను. ఆట మొదలయ్యే ముందు కోచ్ మైదానం దాటుకుని వచ్చి కారు అద్దం తట్టింది.

"మీ అమ్మాయిని నేను జాగ్రత్తగా చూసుకుంటాను. మీరు దిగి రండి. తను అక్కడి నుంచి మీ కోసమే చూస్తోంది."