మేము కొట్టేసిన రూలు

మా సారు పోయిన సంగతి గంగాధర ఫోన్ చేసి చెప్పాడు. నేను వీరపునాయునిపల్లె బడిలో ఏడో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. "మ్మేయ్, సారు పోయినాడు. ప్రొద్దుటూరులోనే, పొద్దున," అన్నాడు. ఆ వెంటనే, "ఓబులేసుకు నువ్వే చెప్పు. నేను చేస్తే వాడు ఎత్తడు," అన్నాడు.

ఆయన దగ్గర చదివిన మీలో చాలామందికి ఆయన జమ్మలమడుగులో సైన్సు చెప్పిన సారుగానే తెలుసు. మా ముగ్గురికీ ఆదివారం ఆట నేర్పిన సారు కూడా. చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, బల్ల మీద పటం పరిచేవాడు. పటం నిండా ఆరు మూలల గడులు, వాటిలో బొటనవేలంత మరమనుషులు. ఆట ప్రకారం ఒక్కొక్కటీ గండికోట గోడంత ఎత్తు. లోపల ఒక మనిషి కూర్చుని నడుపుతుంటాడు. ఎవరి మరమనిషి ఎంత దూరం నడిచింది, ఎవరి తుపాకి ఎవరికి తగిలింది అన్నది పాచికలు వేసి, రూల్సు పుస్తకం చూసి తేల్చాలి. బెంగుళూరు బామ్మర్ది తెచ్చిన బొమ్మలు చాలక, తక్కినవి అగ్గిపెట్టెలూ పెన్ను మూతలూ అతికించి ఆయనే చేశాడు.

అవి ఊర్లలో పార్టీలు ముదిరిన రోజులు. పార్టీ అంటే మా దిక్కు జెండా ఒక్కటే కాదు. ఏ వీధిలో నడవాలి, ఏ హోటల్లో టీ తాగాలి, అంతా పార్టీయే. గంగాధరదీ ఓబులేసుదీ ఒకే ఊరు, చెరో పార్టీ. ఊర్లో ఉంచితే ప్రమాదమని ఇద్దర్నీ ఇళ్లవాళ్లు జమ్మలమడుగు హాస్టల్లో వేశారు. అక్కడా ఒకే వరుసలో కూర్చుని తినేవాళ్లు కాదు. నేను లింగాల దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్లని, జమ్మలమడుగులోనే ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. ఏ పార్టీకీ చెందనిదాన్ని గనక, ఇంగ్లీషు రూల్సును తెలుగులో రాసి చదివే పని సారు నాకు అప్పజెప్పాడు. "వాండ్లు నిన్ను నమ్ముతారు పాపా. ఉన్నదున్నట్టు చదువు," అన్నాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీకి గంట కూర్చునేదాన్ని.

ఒకసారి, ఏడాది పొడవునా సాగే యుద్ధం మొదలుపెడదామన్నాడు. "ముందు పుస్తకం ఎంచుకోండి. పాచిక పడినాక పుస్తకం మార్చేది లేదు," అని మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. పలచటి పుస్తకం ప్రకారమైతే ప్రతి ఆదివారం కొత్త మరమనుషులతో మొదలుపెట్టొచ్చు. లావుదాంట్లో ప్రతి మరమేకుకూ ఒక రూలు. ఒక్క పోరు తెమిలేసరికే పొద్దు గూకుతుంది. మూడోదాంట్లో, ఈ వారం విరిగిన చెయ్యి వచ్చే వారానికీ విరిగే ఉంటుంది. లోపలి మనిషి పోతే మళ్లీ రాడు.

"మూడోది సార్," అన్నారు ఇద్దరూ.

నేను చదువుకుంటూ పోయాను. ఒక పేజీ దగ్గర చిక్కొచ్చింది. గట్టిగా దెబ్బతిన్న మరమనిషి వెనక్కి తగ్గి పటం అంచు దాటిపోవాలి. అట్లా దాటిందాన్ని పోయినదాని కింద రాయకూడదు.

"ఏందీ, పారిపోవాల్నా?" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "మ్మేయ్, ఇది నువ్వే కలిపినావు కదూ?"

"మా నాయన వింటే నన్ను ఇంట్లోకి రానీడు. కొట్టేయండి సార్," అన్నాడు గంగాధర.

"ఇద్దరికీ సమ్మతమేనా?"

"సమ్మతమే సార్."

పుస్తకం సంగతి వదిలేస్తే, వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. సారు పెన్సిల్ ఇచ్చాడు. నా నోటుబుక్కులో ఆ రూలు మీద చెరో గీత కొట్టారు. అంత కష్టపడి రాసిందాన్ని కొట్టేయనిచ్చాడని నాకు సారు మీదే కోపం వచ్చింది.

ఏడాది సాగాల్సిన యుద్ధం రెండో ఆదివారానికే అయిపోయింది. ఎవరూ ఒక్క గడి వెనక్కి వేయలేదు. కాలు తెగినదాన్ని కూడా ముందుకే ఈడ్చారు. మధ్యాహ్నానికల్లా పటం మీద ఏమీ మిగల్లేదు.

"ఎవరు గెలిచినట్టు సార్?" అన్నాడు ఓబులేసు.

"నువ్వే చూసి చెప్పప్పా."

వాడు ఖాళీ పటాన్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. గంగాధర చిన్నాయన్ని ఎదుటి పార్టీవాళ్లు చంపింది ఆ ఏడే. గంగాధర పటం మీంచి కళ్లు ఎత్తకుండా, "పుస్తకం ఇదే ఉండనీండి సార్. కొట్టేసింది మళ్లా రాయించండి," అన్నాడు. సారు ఏ నీతీ చెప్పలేదు. నాకు రబ్బరు అందించాడు, అంతే. ఎంత తుడిచినా ఆ గీతలు పూర్తిగా పోలేదు.

సారు గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఓడిపోతే ఆ పూట మాతో మాట్లాడేవాడు కాదు. ఎవరైనా తుపాకులన్నీ ఒకేసారి పేలిస్తే, "యంత్రం ఉడికి నిలబడిపోతాది, రెండు దాచుకో," అని విసుక్కునేవాడు. ఆ మాట నాకు ఆట బయటే ఎక్కువ పనికొచ్చింది. పదో తరగతితో నా చదువు ఆపాలని నాయన అనుకున్నప్పుడు పులివెందులలో బస్సు మారి మా ఇంటికొచ్చి, గొర్రెల దొడ్డి దగ్గరే కూర్చున్నాడు. "మీ పాప చదువు మానేస్తే నా ఆట ఆగిపోతాదప్పా," అన్నాడు. "ఆటకు గూడా చదువు కావాల్నా సార్?" అన్నాడు నాయన. "శానా కావాల." నాయన నవ్వేశాడు. నన్ను కాలేజీలో చేర్చాడు.

సారు రిటైరై ప్రొద్దుటూరు చేరాక కూడా వీలైనప్పుడల్లా ముగ్గురం వెళ్లేవాళ్లం. పోయిన ఎన్నికల్లో గంగాధర, ఓబులేసు చెరో పార్టీకి ఏజెంట్లుగా కూర్చున్నారు. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. సగంలో ఆగిన యుద్ధం మీద సారు దుప్పటి కప్పి ఉంచాడు. చివరిసారి నేను వెళ్లినప్పుడు రూల్సు రాసిన ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఆట అయిపోలేదు పాపా," అన్నాడు.

సారు కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు, నేను ఫోన్ చేస్తే, ఓబులేసు కూడా వచ్చాడు. అది అయ్యాక సారు భార్య పటం ఉన్న గది తలుపు తీసి దుప్పటి ఎత్తారు. సారు మరమనిషి, అగ్గిపెట్టెది, పటం అంచుకు రెండు గడుల దూరంలో ఉంది.

"పెట్టెలో సర్దేద్దాం," అన్నాడు గంగాధర. ఓబులేసు గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఎవరూ సర్దేది లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది సారు వంతు. దెబ్బతినింది గనక వెనక్కి తగ్గాల." వెంట తెచ్చిన నోటుబుక్కు తెరిచి, చెరగని గీతల మీదుగానే ఆ రూలు చదివాను.

"కాలు పోయింది. ఒక్క గడే పోతాది," అని గొణిగాడు గంగాధర.

"యాడ పోయింది కాలు? దెబ్బ నడుముకురా," అన్నాడు ఓబులేసు గడప నుంచి. "మూడు గడులు నడుస్తాది. పుస్తకం చూడు."

"నువ్వే చూడు రాప్పా, ఆడ్నుంచి అరవకుండా."

ఓబులేసు లోపలికొచ్చాడు. తగిలిన దెబ్బలన్నీ రాసుకున్న వెనక పేజీలు తిప్పుతూ ఒకే పుస్తకం మీద ఇద్దరూ వంగారు. దెబ్బ నడుముకే. మూడు గడులే.

నేను దాన్ని ఒక్కొక్క గడే కదిపి అంచు దాటించాను. పోయినవాటి కింద ఎవరూ రాయలేదు. తర్వాతి వంతు ఓబులేసుది. గంగాధర పాచికలు తీసి వాడి వైపు జరిపాడు. సారు అగ్గిపెట్టె మరమనిషి పటం బయట, ఉత్త చెక్క మీద నిలబడింది. వెనక్కి నడుచుకుంటూ పోయింది గనక దాని మొహం ఇంకా మా వైపే ఉంది.