పెద్దమ్మ చేతులు తీసే చోటు

కలరా ఉండల వాసన తగిలితే అందరికీ బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం ఆదివారం పొద్దు గుర్తొస్తుంది. మొన్న మెదక్‌లో మా ఇంటి బీరువా తెరిచానో లేదో, ఆ ఘాటుకు మనసు మా వీధి చివరి చిన్న చర్చిలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడ కాళ్ళతో తొక్కి గాలి నింపితే పలికే ఆర్గన్ ఒకటి ఉండేది. దాని తోలుతిత్తులను ఎలుకలు కొరక్కుండా మా పెద్దమ్మ లోపల గుప్పెళ్ళకొద్దీ కలరా ఉండలు పోసేది. అందుకే మా చర్చిలో పాటలకు కూడా ఆ వాసనే ఉండేది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, దవాఖానలో నర్సు. పదహారో ఏట ఆర్గన్ ముందు కూర్చున్న మనిషి, పెళ్ళి మాటెత్తితే "నాకు గీ పెట్టెతోనే అయిపోయింది తియ్యి" అని నవ్వేది. డ్యూటీలో కట్టుగుడ్డలు చుడుతూనే బాణీలు కట్టేది. వానాకాలం సాయంత్రాలు చూరు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తూ, తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్న నన్ను కంకి ఆశ చూపి పిలిచి, కొత్త చరణం నా చేత పాడించి చూసుకునేది. నేను మొదటి శ్రోతనైతే, తీర్పరి మా తాత. ఆయన ఆ చర్చికి ఉపదేశి. పాస్టరు రాని వారాల్లో ప్రార్థన నడిపేవాడు, ఆర్గన్ తాళంచెవి తన జేబులోనే ఉంచుకునేవాడు, కూతురికి వాయించడం నేర్పిందీ ఆయనే. ఏ కొత్త పాటైనా ముందు ఇంట్లో ఆయనకు వినిపించాలి. కళ్ళు మూసుకుని విని 'ఆమెన్' అంటే పాట చర్చికి, గొంతు సవరించుకుంటే కాగితం పొయ్యిలోకి.

నా తొమ్మిదో ఏట కోతపండుగకు పెద్దమ్మ ఒక పని చేసింది, తెలిసే చేసింది. తాతకు పాట మాటలు మాత్రం చదివి వినిపించి, బాణీ దాచింది. ఆయన 'ఆమెన్' అనేశాడు. కోతపండుగంటే కొత్త పంటలో మొదటిది దేవుడి ముందు పెట్టే ఆదివారం. చర్చి నిండా గుమ్మడికాయలు, అరటి గెలలు, గంప కింద మూసిన కోడిపుంజు, దాని కూతలు. టేక్మాల్ నుంచి మా చుట్టాల ఆడవాళ్ళు వరికట్టలు నెత్తిన పెట్టుకొచ్చారు. పెద్దమ్మ వాయించడం మొదలుపెట్టగానే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది నాట్లు వేస్తూ వాళ్ళు పాడుకునే బాణీ! పాట మూడో వరుసకల్లా ఒకామె "ఉయ్యాలో" అని అందుకుంది, తక్కినవాళ్ళు నడుం వంచి చప్పట్లు అందుకున్నారు.

తాత లేచి నిలబడి, "ఆపు బిడ్డా" అన్నాడు.

పెద్దమ్మ కాళ్ళు ఆగాయి. ఆర్గన్ మూలిగి ఊరుకుంది. ఆడవాళ్ళు మాత్రం చరణం పూర్తయ్యాకే ఆపారు; మొదలుపెట్టిన పాటను నడుమ వదిలే అలవాటు వాళ్ళకు లేదు.

ఇంటికొచ్చాక తాత తన తల్లి మాటెత్తాడు. "మా అవ్వ మోకాలి లోతు బురదల వంగి పాడిన పాట గది. వంగి వంగే పోయింది. గా బురదలకెళ్ళి మిమ్ముల నేను బయటికి తెచ్చిన. నువ్వు మల్ల గాడికే తీస్కపోతున్నవా?"

"అవ్వ పాట దేవుడు ఇనొద్దా నాయినా?"

తాత వెళ్ళి ఆర్గన్‌కు తాళం వేసి వచ్చాడు.

మూడు ఆదివారాలు ఉత్త గొంతులతోనే పాడాం. పెద్దమ్మ ఆడవాళ్ళ చాప మీద కూర్చుంటే, చీర కుచ్చిళ్ళ కింద ఆమె పాదాలు కదులుతూ ఉండేవి. "ఇగ వాయించ. గా పాట లేంది నాకెందుకు?" అని అమ్మతో అనడం విన్నాను. అది విని నాకు ఏడుపొచ్చింది. తాత మీద పట్టరాని కోపంతో ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనకు ఆ సంగతి తెలియనే లేదు.

క్రిస్మస్ ముందు రోజుల్లో ఇంట్లో గరిజెలు చేస్తున్నారు. కొబ్బరి, బెల్లం, ఏలకుల వాసనతో ఇల్లంతా నోరూరుతోంది. పెద్దమ్మ గరిజెల అంచులు నొక్కుతూ, తనకు తెలియకుండానే ఆ బాణీ తీస్తోంది. మంచం మీద బైబిలు చదువుకుంటున్న తాత తలెత్తాడు.

"గాడ తప్పు పాడుతున్నవ్" అన్నాడు. "మా అవ్వ గాడ కిందికి దిగకపోతుండె. పైకెత్తుకుంటుండె."

ఎత్తుకుని చూపించాడు. ఆ ముసలి గొంతు సగంలో చీలింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. తన తల్లి పాట ఎక్కడో తప్పుగా బతకడం ఆయన భరించలేకపోయాడని ఇప్పుడనిపిస్తుంది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా పిండి చేసుకుంది. అమ్మ గరిజెలు మాడగొట్టింది. తాత తాళంచెవి తీసి పెద్దమ్మ పక్కన పెట్టి, మళ్ళీ బైబిల్లో తల దూర్చాడు.

చిక్కేమిటంటే, ఆ ఎత్తుకునే స్వరం ఆర్గన్ మెట్లకు అందదు. రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంటుంది. రోజంతా ప్రయత్నించి పెద్దమ్మ ఒక ఉపాయం చేసింది. క్రిస్మస్ పొద్దున ఆ చోటు రాగానే రెండు చేతులూ తీసేసింది. ఆ జాగాలో తాత గొంతు ముందు లేచింది, వెనక చర్చి అంతా లేచింది. ఆ తరవాత ఆమె ఎన్నో పాటలు కట్టింది గానీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చేతులు తీసేయడమే.

తాత లేడు, పెద్దమ్మ లేదు. ఆర్గన్‌ను చెదలు తినేశాయి. టేక్మాల్‌లో నాట్లు మిషన్లు వేస్తున్నాయి, మిషన్ వెనక ఎవరూ పాడరు. పాట మాత్రం కోతపండుగకు ఇప్పటికీ పాడతారు, కీబోర్డు మీద, తాళం వేగం పెంచి. చేతులు తీయాల్సిన చోట ఎవరూ చేతులు తీయరు. అందరూ హాయిగా కిందికి దిగిపోతారు. నేనొక్కదాన్నే పైకెత్తుకుంటాను. ఎవరో తప్పు పాడుతున్నారని ముందు వరుస పిల్లలు వెనక్కి తిరిగి నవ్వుతారు. నేను ఆపను.