రేడియో వేడెక్కకుండానే పాట

మా అబ్బాయి ప్రవీణ్ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక ఇంట్లో టీవీ పెట్టడమే మానేశాం. ఈ రోజు నేను మోండా మార్కెట్ నుంచి వచ్చేసరికి, మనవరాలు స్వీటీ బతిమాలితే కోడలు ఒక సినిమా పెట్టింది. బ్రిటిష్ వాళ్ల కాలం కథ. హీరోయిన్ పెద్ద రేడియో మీట తిప్పీ తిప్పకముందే పాట మోగింది. ఇలాంటి తప్పు కనబడితే మా వాడు ఊరుకునేవాడా! ఉండబట్టలేక నేనే అరిచాను.

"ఏందమ్మా గిది! ఆ పాత రేడియో జెర వేడెక్కాలె గదా, గప్పుడే పాట ఎట్లొస్తది?"

"నానమ్మా, నువ్వు సుత డాడీ లెక్కనే షురూ చేసినవా! సినిమా చూడనియ్యవా?" అంది స్వీటీ.

కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! రేపు ఇంకో పాతకాలం సినిమా పెడుతుందట. మీరు పట్టుకున్న తప్పులేమైనా ఉంటే రాయండి, అరవడానికి నాకు పనికొస్తాయి.