నలుగు మాత్రల హవల్దారు

మా హవల్దారు తెల్లవారుజామున పోయారని మొన్న నగరి సంతలో తెలిసింది. చెప్పినతను వంకాయలు ఏరుకుంటూ, మామూలు మాటలా చెప్పాడు. నేను సంచి అక్కడే వదిలేసి ఆయన ఊరి బస్సెక్కాను.

రెండో ప్రపంచ యుద్ధంలో మేము బర్మా సరిహద్దు అడవుల్లో ఉన్నాం. అక్కడ తుపాకీ గుండు కంటే దోమకే ఎక్కువ భయపడాలి. పటాలంలో మా చిత్తూరు జిల్లావాళ్లందరి చేతా రోజూ మలేరియా మాత్ర మింగించడం ఈయన పని. పొద్దు వాలితే చొక్కా చేతులు దించుకోమని వెంటపడేవారు. మా దోమతెరల చిరుగులు తానే కూర్చుని కుట్టేవారు. "చలిజొరానికి మనోడు పగోడు అని ఉండదబ్బా" అనేవారు.

ఆ మాత్రలు పసుపుపచ్చనివి. కొన్నాళ్లకు మా ఒళ్లూ పచ్చబడింది. ఇంకేముంది, పసిరికలు, అదే పచ్చకామెర్లు, వచ్చాయని మావాళ్లు తేల్చేశారు. మాత్ర మానేసి ఉప్పులేని పథ్యం పట్టారు. కొందరైతే ఆ అడవిలో నేలఉసిరి ఆకు కోసం వెతికారు. నవ్వకండి, మా వైపు ఎవరైనా అదే చేస్తారు.

హవల్దారు కోప్పడలేదు. మా ఎదుటే మాత్ర మింగి, పచ్చబడిన తన చేతులు చూపించారు. "పసిరికలు కాదబ్బా, మనకు నలుగు పెట్టినారు. అందరమూ పెండ్లికొడుకులమే" అన్నారు. పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి మాత్రల వేళకు నలుగు వేళ అని పేరొచ్చింది. ఒకరినొకరు పెండ్లికొడకా అని ఆటపట్టించుకుంటూ మింగేవాళ్లం.

ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. ఆయన బామ్మర్దీ మాతోనే ఉండేవాడు. తిరిగి తెచ్చి అప్పగిస్తానని అత్తకు మాటిచ్చి, అతన్ని పటాలంలో చేర్పించింది ఈయనే. అతనికి ఊళ్లో నిజంగానే పెళ్లి కుదిరి ఉంది. ఆ మాత్ర మింగితే మగతనం పోతుందని ఎవడో చెవిలో ఊదాడు. మేం పెండ్లికొడకా అన్నకొద్దీ అతనిలో భయం పెరిగింది. మాత్ర నాలుక కింద దాచుకుని, తర్వాత ఉమ్మేసేవాడు. జ్వరం తలకెక్కాక గానీ ఆ సంగతి బయటపడలేదు. హవల్దారు అతని తల ఒళ్లో పెట్టుకుని, "నన్నొక మాట అడగకపోతివే" అన్నారు. అతను దక్కలేదు.

ఆ తర్వాత నలుగు అన్న మాట మాలో ఎవరూ ఎత్తలేదు. ఆయన మాత్ర ఇచ్చి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేవారు. మాకు చిరాకేసేది. ఈవేళ నా పిల్లలు నన్ను నాయనా అని పిలుస్తున్నారంటే ఆయన పెట్టిన ఆ చిరాకు పుణ్యమే.

ఊరికి వచ్చాక అత్త ఆయనను గడప తొక్కనివ్వలేదు. మాత్ర ఉమ్మేసింది ఆమె కొడుకేనని చెప్పుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "సచ్చినోడి మింద నేరం ఎట్ల సెప్పేదప్పా" అన్నారు. పెళ్లిళ్లలో నలుగు పాట మొదలైతే లేచి బయటికి వెళ్లిపోయేవారట.

నేను వెళ్లేసరికి బంధువులు వాయికరిసి వేస్తున్నారు. పోయినవాళ్ల నోట్లో కడసారిగా వేసే బియ్యం అది. అత్త కూడా వచ్చింది. పిడికిట్లో బియ్యం పట్టుకుని, ముందుకు రాలేక నిలబడిపోయింది. నేనెవరో పక్కవాళ్లు చెప్పినట్టున్నారు, నా దగ్గరికి వచ్చింది.

"నువ్వూ ఆడ ఉంటివంట గదప్పా. నా కొడుక్కు వాయికరిసి ఎవురేసినారు?"

"ఈయనేనమ్మా" అన్నాను.

ఆమె వెళ్లి ఆయన తల దగ్గర కూర్చుంది. బియ్యం నోట్లో వేసి, పెదవికి అంటుకున్న గింజలను ఒక్కొక్కటిగా వేలితో లోపలికి నెట్టింది.