గంట తాడు, గుమ్మం ముందు బూట్లు

జెర్సీ సిటీ నుంచి వర్జీనియా దాకా మా ఆవిడ కునుకు తీయలేదు, నన్నూ తీయనివ్వలేదు. కారు నడిపేది నేను కాబట్టి ఆ రెండోది మంచిదే అయింది.

ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, తాము వదిలొచ్చిన పల్లెలో చర్చి ఎలా ఉండేదో అచ్చం అలాగే ఎర్ర ఇటుకతో కట్టుకున్న చర్చి ఒకటి అక్కడ ఉందట. ఎండాకాలం వారాంతాల్లో లోపలికి రానిస్తారట. ఎం.ఎస్. చదువుతున్న మా బామ్మర్ది లాప్‌టాప్‌లో ఫోటోలు చూపించాడు. ఒకదాంట్లో గుమ్మం పక్కన పైకప్పు నుంచి గంట తాడు వేలాడుతోంది. మా ఆవిడ చూపు ఇక ఆ తాడు దాటి కదల్లేదు.

గుంటూరు జిల్లాలో వాళ్ళ ఊరి చర్చికి గంట కొట్టింది మా మామగారే. చిన్నప్పుడే కూతురికి నేర్పారు. ఆ తర్వాత పాత చర్చి తీసేసి కొత్తది కట్టారు, గంట పోయి మైకు వచ్చింది. అప్పట్నుంచి ఆమె చేతికి తాడు తగల్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి గంట కొట్టాలి. అదీ ఆమె కోరిక. నగలడిగితే ఏదో సాకు చెప్పేవాణ్ణి, దీనికేం చెప్పను?

"అక్కా, హెరిటేజ్ సైట్ అది. టచ్ చేయనివ్వరేమో," అన్నాడు వెనక సీటులోంచి బామ్మర్ది.

"అడిగితే పోయేదేముందిరా?"

"నేనడుగుతాలే," అన్నాను.

"మీరు నోరు తెరవకండి. పోయినసారి మ్యూజియంలో గవర్నరు గారి కుర్చీ వెనక్కి వాలుతుందా అని అడిగారు."

అద్దానికి అతికించిన జీపీఎస్ కూడా నన్ను ఎడమకు తిరగమని మందలించింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి చెబితే వినడమే మంచిదని తిరిగాను.

చర్చి తెరిచే వేళ ఇంకా కాలేదు. పక్కనే ఉన్న, నీటితో తిరిగే పాత పిండిమర చూశాం, తర్వాత పాతకాలం ఒంటిగది బడికి వెళ్ళాం. నేను ఏడో తరగతి మధ్యలో బడి నుంచి పారిపోయినవాణ్ణి. ఇన్నేళ్ళకు మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.

"ఎలా ఉంది బావా?" అన్నాడు బామ్మర్ది.

"సిలబస్ మారినట్టు లేదు," అన్నాను. అంతలో గోడకు తగిలించిన బెత్తం కనబడింది. నా ప్రమేయం లేకుండానే లేచి నిలబడ్డాను.

ముందురోజు వాన పడింది. చర్చి దాకా దారంతా బురద, కంకర. గుమ్మం ముందుకు రాగానే ముగ్గురం ఒకరితో ఒకరు అనుకోకుండానే బూట్లు విప్పి వరసగా పెట్టాం. వాళ్ళ ఊరి చర్చిలోకి, మా ఊరి గుడిలోకి చెప్పులతో ఎవరు వెళ్ళారు గనక? మా ఆవిడ చున్నీ తల మీద కప్పుకుంది.

లోపల తెల్లటి గోడలు. బెంచీల చుట్టూ చెక్క గోడలు కట్టి, వాటికి తలుపులు కూడా పెట్టారు. పాత గాజు కిటికీల్లోంచి చూస్తే బయట చెట్లు నీళ్ళలో ఉన్నట్టు అలలుగా కదిలాయి. అరికాళ్ళ కింద ఇటుక చల్లగా తగిలింది. నాకే ఒళ్ళు పులకరించింది, ఇక మా ఆవిడ సంగతి చెప్పాలా? చర్చి చూపించే తెల్లజుట్టు పెద్దావిడ చరిత్ర చెబుతుంటే చెవులు అటు పెట్టి, కళ్ళు తాడుకు అప్పగించింది. చివరికి అడిగేసింది.

"సారీ, విజిటర్లు ముట్టుకోకూడదు. సాయంత్రం మూసే ముందు నేనే కొడతాను," అంది పెద్దావిడ.

"ఓకే," అంది మా ఆవిడ.

ఆ 'ఓకే' నాకు తెలుసు. ఇంట్లో అది వినబడితే నేను అడక్కుండానే గిన్నెలు తోముతాను.

మనసు బాగోక బయటికొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను. ఓ అమెరికన్ కుటుంబం వచ్చింది. మా బూట్ల వరస చూసి మొహాలు చూసుకున్నారు, వాళ్ళూ విప్పేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అన్ని జతలు చూసి ఇక ఆలోచించనే లేదు. ఒక భారీ మనిషి వచ్చి, ఇక్కడే పెట్టాలా అని నన్నడిగాడు. తలూపాను. కాసేపటికి అక్కడ పెళ్ళివారి విడిది గుమ్మంలా బూట్లు పోగుపడ్డాయి. గుడి ముందులా టోకెన్లు ఇవ్వడం ఒక్కటే తక్కువ.

"ఏం చెప్పావు బావా వీళ్ళకి?"

"నేను నోరు తెరవకూడదుగా."

లోపల అందరూ సాక్సులతో తిరుగుతుండటం చూసి పెద్దావిడ బయటికొచ్చింది. పోగు చూసింది. వెనక్కి తిరిగి నేల చూసింది. ఎక్కడా బురద మరక లేదు.

"ఇదెవరు మొదలుపెట్టారు?"

బామ్మర్ది నన్ను చూపించాడు. నేను మా ఆవిడను చూపించాను.

పెద్దావిడ నవ్వేసింది. వాన పడి దారి బురదైనప్పుడల్లా సాయంత్రం తనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఇటుకలు తుడుస్తుందట. బూట్లకు అంటుకొచ్చే కంకర వాటిని అరగదీస్తోందట. కాళ్ళు తుడుచుకు రమ్మని బోర్డు పెడితే దాన్ని చదివినవాడే లేడట. అంతా చెప్పి, మా ఆవిడ వైపు తిరిగి, "తాడు లాగడం వచ్చా నీకు?" అంది.

"మా నాన్న నేర్పారు. లాగాక గట్టిగా పట్టుకోకూడదు, పైకి పోనివ్వాలి."

"అయితే మూసేదాకా ఉండు. ఇవాళ నా తుడిచే పని తప్పించావు, నా గంట పని కూడా నువ్వే చెయ్యి."

మూసేవేళ అయింది. "ఏమండీ, బూట్ల దగ్గర ఉండండి," అని ఆజ్ఞాపించి మా ఆవిడ లోపలికెళ్ళింది. ఉన్నాను, మొదటి గంట మోగేదాకా. అది మోగగానే నిలవలేక లోపలికి పరిగెత్తాను. చున్నీ నడుముకు బిగించి తాడు లాగుతోంది. తాడు పైకి పోతుంటే తనూ మునివేళ్ళ మీద లేస్తోంది. ఆసుపత్రిలో నర్సుగా చప్పుడు కాకుండా నడవడం అలవాటైన మా ఆవిడ, ఆ ఊరంతా వినబడేలా మోగిస్తూ పగలబడి నవ్వుతోంది. బామ్మర్ది ఫోటో తీయడం కూడా మరిచిపోయాడు.

బయటికొచ్చేసరికి జనం వెళ్ళిపోయారు. నా కొత్త బూట్లూ వెళ్ళిపోయాయి. వాటి చోట అదే రంగువి, పడవలంత జత ఒకటి మిగిలింది. ఆ భారీ మనిషి కారు దగ్గర తొడుక్కుందామని నావి చేత పట్టుకుపోయినట్టున్నాడు.

"మా ఊళ్ళో గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలిందంటారు," అన్నాను.

"ఏం వదల్లేదు. నేనిక్కడే ఉన్నాను, కారు తియ్యండి," అంది మా ఆవిడ, ఎర్రగా కందిన అరచేతులు చూసుకుంటూ.