నోరు తెరిచిన ప్రొఫెసర్

ఫైనాన్స్ మాస్టర్స్ సీటు కోసం జరిగిన ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో పళ్ళ డాక్టరమ్మ, పెద్ద ప్రొఫెసర్‌గారితో, "కాస్త నోరు పెద్దగా తెరవండి," అంది. ఆయన తెరిచారు.

తప్పు ఆవిడది కాదు, అలవాటుది. ఎదుటి మనిషి తల వెనక్కి వాల్చి దవడ నిమురుకుంటే ఆవిడకి వచ్చే మాట అదొక్కటే. తెరమీద మిగతా ఇద్దరు ప్రొఫెసర్లు బిత్తరపోయారు. తెరిచిన నోరు ఎప్పుడు మూయాలో తెలియక పెద్దాయన అలాగే ఉండిపోయారు. ఆవిడ చివరికి "ఇంక మూసేయండి సార్," అని మాత్రం అనగలిగింది.

అంతకన్నా పెద్ద పిడుగు వెనక తలుపు దగ్గర గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉంది. ఆ క్లినిక్ పెట్టిన తండ్రి.

"ఎవరమ్మా ఆ పేషెంటు? కంప్యూటర్లో చూస్తున్నావేంటి?"

"పేషెంటు కాదు నాన్నా. నా ఇంటర్వ్యూ."

"నీకు ఇంటర్వ్యూ ఏంటే? క్లినిక్కే నీదైతే!"

చెప్పక తప్పలేదు. కిందటేడు ఒక ఆసుపత్రుల సంస్థ వీళ్ళ క్లినిక్‌ని కొంటామని వచ్చింది. వాళ్ళ తరఫున, కంపెనీల అమ్మకాలూ కొనుగోళ్ళూ కుదిర్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు నుంచి వచ్చిన అమ్మాయి క్లినిక్ విలువ గురించి అడిగిన ప్రశ్నలకి తండ్రి విసుక్కుని, అందర్నీ పంపేశాడు. కూతురికి మాత్రం ఆ ప్రశ్నలు బుర్రలోంచి పోలేదు. పన్ను పీకుతున్నా అవే. ఆ అమ్మాయి చేసే పని తనూ చెయ్యాలి, అందుకు ఈ చదువు కావాలి.

తండ్రి పేషెంట్ల కుర్చీలోనే కూలబడ్డాడు. "ఊళ్ళోనే సాయంత్రం క్లాసులుంటాయి కదే, అందులో చేరు. పగలు క్లినిక్ చూసుకోవచ్చు."

అందులో సీటు అప్పటికే వచ్చింది. కానీ అలాంటి బ్యాంకులు వచ్చి ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచుకునేది నోరు తెరిచిన ప్రొఫెసర్‌గారి కాలేజీలో. అది దూరం, క్లినిక్ వదలాల్సిందే. ఆ ఆశ ఎలాగూ ఆరిపోయిందని సాయంత్రం క్లాసులకి మనసు సర్దుకుంటుండగా మెయిల్ వచ్చింది. సీటిచ్చారు! చివర పెద్దాయన సొంతంగా రాసిన మాట: "కారణం చెప్పకుండానే నా చేత పని చేయించారు. మీరు బ్యాంకుకి పనికొస్తారు."

ఈసారి నోరు తెరిచింది డాక్టరమ్మ.

ఆ పూటే దూరపు కాలేజీకి సరేనని రాసేసింది. పెట్టె సర్దుతుంటే తండ్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, ఇంకా తేరుకోలేదు.

"పళ్ళు తప్ప నీకేం తెలుసే? రేపు పెద్దపెద్ద కంపెనీలవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఏం చేస్తావు?"

"వాళ్ళూ నొప్పి ముదిరాకే వస్తారు నాన్నా, చూసుకుంటాలే."